బర్మా బియ్యానికి పెట్టుబడి ఎవరిది, నష్టం ఎవరిది?

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ప్రపంచంలో అందరికంటే ఎక్కువ బియ్యం ఎగుమతి చేసిన దేశం బర్మా. దిగువ బర్మాలో, ఐరావతి డెల్టా ఉన్న ప్రాంతంలో, 1850లలో వరి సాగు ఎనిమిది లక్షల ఎకరాలకు మించి లేదు. 1930ల నాటికి అది 87 లక్షల ఎకరాల దాకా పెరిగింది. 1855లో లక్షా అరవై వేల చిల్లర టన్నులు ఉన్న ఎగుమతి 1905 ప్రాంతానికి 20 లక్షల టన్నులైంది. 1920లు వచ్చేసరికి 30 లక్షలకు చేరింది. అడవి కొట్టి, పొలం చేసి దున్నింది బర్మా రైతు. అతనికి అప్పు పెట్టింది తమిళనాడు నుంచి వెళ్లిన నాటుకోట చెట్టియార్. రంగూన్ రేవులో బస్తాలు ఓడకెక్కించింది మన కోస్తా జిల్లాల కూలీ. మర ఆడించి, ఓడల్లో పంపి, పరదేశాల్లో అమ్ముకున్నవి ఎక్కువగా యూరోపియన్ కంపెనీలు. 1930లో ధర కూలినప్పుడు మాత్రం ఈ నలుగురి మీదా దెబ్బ ఒకే తీరుగా పడలేదు. పై మెట్టున ఉన్నవాళ్లు తేలిగ్గా తప్పుకున్నారు, కింది మెట్టున ఉన్నవాళ్లు భూమినీ ప్రాణాన్నీ పోగొట్టుకున్నారు. దీనికి కారణంగా చెట్టియార్ల దురాశనో, ప్రపంచ మాంద్యాన్నో చూపించడం అలవాటైపోయింది. అసలు కారణం ఆ వ్యాపారానికి బ్యాంకులు అప్పు అందించిన తీరులోనే ఉంది. పండిన పంటను కదిలించడానికి బ్యాంకుల డబ్బు దొరికింది, పంట పండించడానికి దొరకలేదు. ధర పడితే వచ్చే నష్టాన్ని మోసే సంస్థ ఒక్కటీ ఆ నిర్మాణంలో లేదు.

కథ 1852 యుద్ధంతో మొదలవుతుంది. ఆ యుద్ధంలో దిగువ బర్మాను బ్రిటిష్‌వాళ్లు కలిపేసుకున్నారు. అంతకు ముందు బర్మా రాజులు బియ్యం ఎగుమతిని నిషేధించేవారు. ఆ అడ్డు తొలగింది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై యూరప్‌కు కరొలైనా బియ్యం రాక ఆగిపోయింది. 1869లో సూయజ్ కాలువ తెరుచుకుంది. కొనేవాళ్లు సిద్ధంగా ఉన్నారు, దారి దగ్గరైంది, కావలసినది పొలం. డెల్టాలో నేల ఉంది కానీ అదంతా మడ అడవి, దోమ, జ్వరం. ఎగువ బర్మాలోని మెట్ట ప్రాంతాల నుంచి కుటుంబాలు తరలివచ్చి అడవి కొట్టాయి. కొట్టిన నేల చేతికి పంట ఇచ్చేదాకా తిండి కావాలి, ఎడ్లు కావాలి, నాట్లకూ కోతలకూ కూలి డబ్బు కావాలి. 1876 భూమి చట్టం ఒక వెసులుబాటు కల్పించింది: పన్నెండేళ్లు వరసగా శిస్తు కట్టి సాగు చేసుకున్నవాడికి ఆ భూమి మీద హక్కు వస్తుంది, దాన్ని అమ్ముకోవచ్చు, తాకట్టు పెట్టుకోవచ్చు. రైతుకు ఆస్తి ఇచ్చిన ఆ చట్టమే ఆ ఆస్తిని అప్పుకు పూచీగా మార్చింది. భూమి వేరే చేతుల్లోకి పోకుండా అడ్డుకునే చట్టం కావాలని కొందరు అధికారులు పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచే అడుగుతూ వచ్చారు. వ్యాపార వర్గాలు వ్యతిరేకించాయి. అప్పు పుట్టకపోతే సాగు ఆగుతుంది, సాగు ఆగితే ఎగుమతి పడిపోతుంది అన్నది వాళ్ల వాదన. ఆ ప్రతిపాదన దశాబ్దాల పాటు పక్కనే ఉండిపోయింది.

ఇక బ్యాంకుల సంగతి. రంగూన్‌లో బ్యాంకులకు కొదవ లేదు. బ్యాంక్ ఆఫ్ బెంగాల్ 1861లోనే అక్కడ శాఖ పెట్టింది. 1921లో అది ఇంపీరియల్ బ్యాంకులో కలిసింది. విదేశీ మారకం చూసే చార్టర్డ్ బ్యాంకు, హాంకాంగ్ షాంఘై బ్యాంకు, నేషనల్ బ్యాంక్ ఆఫ్ ఇండియా వంటివీ వచ్చాయి. బియ్యం మర చేరి, గోదాములోకి వెళ్లి, ఓడ ఎక్కే ప్రతి దశలోనూ వీటి డబ్బు ఉండేది. సరుకు పూచీగా ఉంటుంది, ఓడ రసీదు చేతిలో ఉంటుంది, నెలల్లో బాకీ వసూలవుతుంది. బ్యాంకుకు ఇంతకంటే భద్రమైన అప్పు ఉండదు. రైతు దగ్గరకు వచ్చేసరికి తలుపు మూసుకుంది. ఇది బ్యాంకు మేనేజర్ల ఇష్టాయిష్టాల మీద జరిగింది కాదు. 1876 నాటి ప్రెసిడెన్సీ బ్యాంకుల చట్టం స్థిరాస్తి తాకట్టు మీద అప్పు ఇవ్వకుండా ఆ బ్యాంకుల చేతులు కట్టేసింది, దీర్ఘకాలిక అప్పులూ వద్దంది. తర్వాత వచ్చిన ఇంపీరియల్ బ్యాంకు చట్టం కూడా ఆ దారినే నడిచింది. భూమి తప్ప మరో ఆస్తి లేని రైతును ఆధునిక బ్యాంకింగ్ నుంచి చట్టమే బయట నిలబెట్టిందన్నమాట. డిపాజిటర్ల డబ్బు ఇరుక్కుపోకుండా చూడడానికే ఆ నిబంధన అని సమర్థించవచ్చు, అందులో న్యాయం ఉంది. కానీ ఒక ప్రాంతం మొత్తాన్ని ఒకే పంట ఎగుమతి మీద నిలబెట్టిన ప్రభుత్వం, ఆ పంట పెట్టుబడికి వేరే ఏర్పాటు చేయకుండా ఊరుకోవడంలో న్యాయం లేదు.

ఆ ఖాళీలోకి వచ్చినవాళ్లు చెట్టియార్లు. మొదటి ఆంగ్లో బర్మా యుద్ధం రోజుల్లో, 1826లో, భారతీయ సైనికుల వెంట చిల్లర వర్తకానికి వెళ్లారు. 1850లో మౌల్మీన్‌లో సొంతంగా కొట్టు తెరిచారు. సూయజ్ తర్వాత డెల్టా అంతటా పాకారు. వాళ్ల పద్ధతి పటిష్ఠమైనది. యజమాని తమిళనాడులోని సొంత ప్రాంతం చెట్టినాడులోనే ఉంటాడు. మూడేళ్ల ఒప్పందం మీద ఏజెంటును పంపుతాడు, జీతం చాలా భాగం ముందే ఇచ్చేస్తాడు. రంగూన్ మొగల్ వీధిలో కొట్లన్నీ ఒకే చోట ఉండేవి. తమలో తాము ఇచ్చిపుచ్చుకునే డబ్బుకు వడ్డీ ఎంతన్నది ఆలయంలో కలిసి కూర్చుని తేల్చుకునేవారు. హుండీల (చెల్లింపు పత్రాల) మీద కోట్ల రూపాయలు కడలి దాటేవి. 1929-30లో బర్మా బ్యాంకింగ్ విచారణ సంఘం లెక్క ప్రకారం అక్కడ చెట్టియార్ల పెట్టుబడి 75 కోట్ల రూపాయల దాకా ఉంది, అందులో మూడింట రెండు వంతులు వ్యవసాయంలోనే ఉంది. గమనించవలసింది ఇంకొకటి: ఆ డబ్బులో అత్యధిక భాగం వాళ్ల సొంతం, బంధుమిత్రుల డిపాజిట్లు. బ్యాంకుల నుంచి తెచ్చినది చిన్న భాగమే. బ్యాంకులు చెట్టియారు పరపతిని నమ్మాయి, ఆ పరపతికి ఆధారమైన పొలాన్ని నమ్మలేదు. పొలానికి సంబంధించిన అపాయమంతా చెట్టియారు మీదకు, అక్కడి నుంచి తాకట్టు పత్రం ద్వారా రైతు మీదకు దిగిపోయింది.

వడ్డీ విషయంలో చెట్టియార్లను రాక్షసులుగా చిత్రించిన రచనలు చాలా ఉన్నాయి. భూమి పూచీ ఉంటే వాళ్ల వడ్డీ సాధారణంగా ఏడాదికి 12 నుంచి 15 శాతం. పూచీ లేకపోతే పెరిగేది. అదే ఊళ్లో చిన్న షావుకార్లు నాట్ల కాలంలో డబ్బిచ్చి కోతల్లో వడ్లు కొలుచుకునే అప్పులకు పడే వడ్డీ ఇంతకు ఎన్నో రెట్లు. విచారణ సంఘం ముందు చెట్టియార్లు తమకు భూములు అక్కర్లేదని, డబ్బు తిరగడమే తమ వ్యాపారమని చెప్పారు. 1930 దాకా లెక్కలు వాళ్ల మాటనే బలపరుస్తాయి: ఎనభై ఏళ్ల వ్యాపారం తర్వాత ప్రధానంగా వరి పండే 13 జిల్లాల్లో వాళ్ల చేతిలో ఉన్న భూమి ఆరు శాతం. ఇందువల్ల వాళ్లు దానకర్ణులని అర్థం కాదు. 1907-08లో అమెరికా ఆర్థిక సంక్షోభం సెగ రంగూన్ దాకా తగిలి, వడ్ల ధర పడి, చెట్టియార్లు అప్పులు బిగించినప్పుడు డెల్టాలో ఎన్నో కుటుంబాలు భూమి పోగొట్టుకుని కౌలుదార్లయ్యాయి. ఆ హెచ్చరిక అందరికీ వినిపించింది. మళ్లీ ధరలు లేచాయి, అందరూ మరిచిపోయారు.

ఈ అప్పుల గొలుసులో మనవాళ్ల చోటు కూడా చెప్పుకోవాలి. విశాఖ, గోదావరి, గంజాం ప్రాంతాల నుంచి కాకినాడ, భీమిలి, కళింగపట్నం రేవుల మీదుగా ఏటా వేలమంది ‘రంగం’ (రంగూన్) వెళ్లేవారు. అక్కడ వాళ్లను కోరంగీలు అనేవారు. మేస్త్రీ ఊళ్లోనే బయానా ఇచ్చి, ఓడ ఖర్చు పెట్టి తీసుకువెళ్లేవాడు. ఆ బాకీ తీరేదాకా కూలిలో కోత. రైతుకు పొలం తాకట్టు, ఈ కూలీకి ఒంట్లోని సత్తువే తాకట్టు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో తెలుగువాళ్లు లక్షన్నర పైచిలుకు. రంగూన్ జనాభాలో సగానికి మించి భారతీయులే. 1930 మే నెలలో రేవులో తెలుగు కూలీలు సమ్మె చేశారు. వాళ్ల స్థానంలో బర్మా కూలీలను తెచ్చారు. సమ్మె తేలి మనవాళ్లు పనిలోకి తిరిగి వచ్చిన రోజు బర్మా కూలీలకు పని లేకుండా పోయింది. అక్కడ రాజుకున్న నిప్పు నగరమంతా పాకి వందమందికి పైగా చనిపోయారు. చచ్చింది ఎక్కువగా తెలుగు కూలీలు. ఒకే రేవు మీద ఆధారపడిన రెండు పేద వర్గాలు కొట్టుకున్నాయి తప్ప, ఆ రేవు లాభాల మీద బతికినవాళ్ల దాకా ఆ మంట వెళ్లలేదు.

ఆ ఏడాది చివర్లోనే వడ్ల ధర కూలింది. 1931 కల్లా 1920ల నడుమ ఉన్న ధరలో సగం కూడా పలకలేదు. రంగూన్‌లో బ్యాంకులు చెట్టియార్లకు కొత్త అప్పులు ఆపి పాత బాకీలు అడిగాయి. చెట్టినాడు నుంచి డిపాజిటర్లు డబ్బు వెనక్కి పిలిచారు. చెట్టియారు రైతును అడిగాడు. రైతు దగ్గర అమ్మడానికి వడ్లున్నాయి, వాటికి ధర లేదు. మిగిలింది భూమి. 1930లో ఆరు శాతం, అంటే దాదాపు 5.7 లక్షల ఎకరాలుగా ఉన్న చెట్టియార్ల భూమి 1930ల చివరకు పాతిక శాతానికి, 24 లక్షల ఎకరాల పైకి చేరింది. తలపన్ను తగ్గించమన్న విన్నపాన్ని ప్రభుత్వం తోసిపుచ్చిన సంగతి కూడా తోడై, 1930 డిసెంబరులో థారావడ్డీ జిల్లాలో సయా సాన్ నాయకత్వాన తిరుగుబాటు లేచింది. దాన్ని అణచడానికి ఏడాదికి పైగా పట్టింది. సయా సాన్‌ను 1931 నవంబరులో ఉరి తీశారు.

ప్రపంచమంతా మునిగినప్పుడు బర్మా ఎలా తేలుతుందని అడగవచ్చు. ధర పడడం ఎవరూ ఆపలేకపోయేవారు, నిజమే. కానీ ధర పడడం వేరు, ధర పడిన ప్రతిచోటా రైతు భూమి పోవడం వేరు. పొరుగున సయాం (నేటి థాయ్‌లాండ్)లోనూ బియ్యం ధర అలాగే పడింది. అక్కడ మొత్తం మీద రైతు అప్పూ తక్కువే, భూమి తాకట్టూ తక్కువే. అందుకే ఈ స్థాయిలో భూములు చేతులు మారలేదు. పైగా బర్మాలో ధరను నొక్కే బలం మాంద్యానికి ముందే ఉంది. స్టీల్ బ్రదర్స్ వంటి పెద్ద యూరోపియన్ కంపెనీలు 1921 నుంచి బులింగర్ పూల్ పేరుతో ఒక్కటై వడ్లు కొనేవి. కొనేవాళ్లు కూడబలుక్కోవచ్చు, అమ్మేవాడు గడువు లోపల అమ్మి తీరాలి. బ్యాంకుల డబ్బు చేతిలో ఉన్న మర యజమాని ఆగగలడు, బాకీ ఉన్న రైతు ఆగలేడు. అప్పు అందిన తీరు బేరాన్ని కూడా నిర్ణయించిందని నేననడం ఇందుకే.

మరో ఆక్షేపణ దీనికంటే గట్టిది. ప్రభుత్వం సహకార సంఘాలు పెట్టింది కదా, అవే కూలాయి కదా, అలాంటప్పుడు రైతుకు సంస్థాగత రుణం పనిచేస్తుందని ఏ ధైర్యంతో చెబుతారు? 1904 చట్టం తర్వాత బర్మాలో పుట్టిన సంఘాలు 1920ల నడుమ నాలుగు వేలు దాటాయి. మాంద్యం పూర్తిగా తాకకముందే వాటి కేంద్ర బ్యాంకు దివాలా అంచుకు చేరింది, 1930ల నడుమకి సంఘాలు దాదాపు అన్నీ మూతపడ్డాయి. వాటి నిర్వహణ లోపాలు నేను దాచను: సభ్యుల పొదుపు లేకుండా పై నుంచి డబ్బు పోశారు, వసూళ్లు గాలికి వదిలేశారు. కానీ అవి కూడా అదే వరి, అదే భూమి, అదే ధర మీద నిలబడ్డాయన్నది అంతకంటే పెద్ద లోపం. ఇంకో పంట లేదు, ఇంకో ప్రాంతపు డబ్బు ఆసరా లేదు. డెల్టాలోని ప్యాపోన్‌లో లారెన్స్ డాసన్ అనే వ్యక్తి పెట్టిన బ్యాంకు చెట్టియార్ల కంటే తక్కువ వడ్డీకి, ఎక్కువ గడువుతో భూమి మీద అప్పు ఇచ్చింది. మాంద్యంలో దానికీ పొలాలు చేతికి వచ్చాయి. అయితే వాటిని వాయిదాల మీద మళ్లీ సాగుదార్లకే అమ్మే ప్రయత్నం చేసింది. రైతుకు బ్యాంకు గడువు ఇవ్వగలదని, ఇస్తే భూమి తిరిగి దున్నేవాడి దగ్గరకు చేరే దారి ఉంటుందని ఆ ఒక్క ప్రయత్నమైనా చూపింది. ప్రభుత్వం దాన్ని డెల్టా అంతటికీ విస్తరించే పని పెట్టుకోలేదు.

చెట్టియార్లు తమ పాఠం తాము నేర్చుకున్నారు. ఎం.సి.టి.ఎం. చిదంబరం చెట్టియార్ 1937 ఫిబ్రవరి 10న ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకును కారైకుడి, మద్రాసు, రంగూన్‌లలో ఒకేరోజు తెరిచారు. విదేశీ వ్యాపారం, మారకం దాని ప్రధాన లక్ష్యం. అంటే పొలం మీద చేతులు కాల్చుకున్న పెట్టుబడి కూడా చివరకు విదేశీ బ్యాంకులు మొదటి నుంచీ ఉన్న గట్టుకే చేరింది. అదే ఏడాది ఏప్రిల్‌లో బర్మా భారతదేశం నుంచి విడిపోయింది. కౌలు చట్టం 1939లో, భూమి అన్యాక్రాంతం కాకుండా ఆపే చట్టం 1941లో వచ్చాయి. దశాబ్దాల కిందట అడిగినప్పుడు రాని చట్టాలు జపాన్ సేనలు వచ్చే ముందు వచ్చాయి. 1942లో లక్షలాదిమంది భారతీయులు అస్సాం కొండల మీదుగా నడిచి తిరిగి వచ్చారు, దారిలో ఎందరో చనిపోయారు. బర్మా బియ్యం రాక ఆగిపోవడం 1943 బెంగాల్ కరువును తీవ్రం చేసిన కారణాల్లో ఒకటి.

స్వతంత్ర బర్మా 1948లో భూమిని జాతీయం చేసే చట్టం తెచ్చింది, చెట్టియార్ల పెట్టుబడి దాదాపు అంతా పోయింది. 1963లో బ్యాంకులన్నీ ప్రభుత్వ పరమయ్యాయి, ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు రంగూన్ శాఖ కూడా వాటిలో ఒకటి. అప్పు ఇచ్చేదీ, వడ్లు కొనేదీ, విదేశాలకు అమ్మేదీ ప్రభుత్వమే అయింది. ధర పడితే వచ్చే నష్టం రైతు నెత్తి మీద నుంచి దిగింది. ధర పెరిగినప్పుడు రావలసిన లాభం కూడా అతనికి రాకుండా పోయింది, ఎందుకంటే ప్రభుత్వం తక్కువ ధరకు కొని ఎక్కువకు ఎగుమతి చేసింది. ఇదివరకు బ్యాంకులూ కంపెనీలూ రైతును ఒంటరిగా వదిలేస్తే, ఈసారి రైతు పేరుతో నడిచిన వ్యవస్థ అతని వాటాను తీసుకుంది. యుద్ధానికి ముందు ఏటా 30 లక్షల టన్నుల బియ్యం పంపిన బర్మా ఆ శతాబ్దంలో మళ్లీ ఆ స్థాయిని అందుకోలేదు.