మిరప చేలో రెండు చుక్కలు

జనవరిలో నరసరావుపేట దాటి పల్నాడు దారి పడితే చేల పక్కన టార్పాలిన్ గుడారాలు కనిపిస్తాయి. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి సుగ్గికి, అంటే కోతల పనులకు వలస వచ్చిన కుటుంబాలవి. పత్తి తీతతో మొదలై మిరప కోతలు ముగిసేదాకా ఇక్కడే కాపురం. తల్లి సాళ్లలో కాయ కోస్తుంటే చంటిపిల్ల చీర ఉయ్యాల్లో ఉంటుంది. పోలియో చుక్కల విషయంలో ఈ ప్రాంతానికి అసలు చిక్కు ఆ ఉయ్యాల దగ్గరే.

పాతతరం వాళ్ల నోట పోలియో అన్న మాట తక్కువ. ‘జ్వరమొచ్చింది, సూది పొడిపించాం, కాలు పడిపోయింది’ అనేవారు. చదువుకున్నవాళ్లం దాన్ని అమాయకత్వం కింద కొట్టిపారేశాం. నిజానికి వాళ్లు చూసింది చూసినట్టే చెప్పారు. ఒంట్లో పోలియో వైరస్ ఉన్న సమయంలో కండకు సూది వేస్తే, ఆ అవయవమే చచ్చుబడే ప్రమాదం పెరుగుతుందని వైద్యులు తేల్చారు. రోగం తెచ్చింది వైరసే అయినా, దాన్ని ఆ కాలికి చేర్చడంలో సూదికీ పాత్ర ఉంది. జ్వరం అనగానే సూది వేసే అలవాటు మన ఊళ్లలో ఎంతగా పాతుకుపోయిందో తెలిసిందే.

మన దేశంలో 1978లో టీకాల కార్యక్రమం మొదలైంది. మరుసటి ఏడాది పోలియో చుక్కలు అందులో చేరాయి. పాశ్చాత్య దేశాల్లో మూడు మోతాదులతో పనైపోయేది, ఇక్కడ కాలేదు. మన పిల్లల పేగుల్లో చుక్కల మందు అంత బాగా పట్టడం లేదని వెల్లూరులో డాక్టర్ టి.జాకబ్ జాన్ గమనించారు. అందుకే మళ్లీ మళ్లీ, అందరికీ ఒకేసారి వేయాలన్న పద్ధతి వచ్చింది. 1995 డిసెంబరు 9న దేశమంతటా తొలి పల్స్ పోలియో జరిగింది. మొదట మూడేళ్లలోపు వారికి, ఆ తర్వాత ఐదేళ్లలోపు వారికి వేశారు.

పల్స్ పోలియోకు చలికాలాన్ని ఎంచుకోవడానికి కారణముంది. అప్పుడు వైరస్ ఉద్ధృతి తక్కువ. ఎండకు పాడయ్యే మందుకూ అదే మంచి కాలం. సీసా మీది వృత్తంలో ఉండే తెల్ల చదరం వేడికి నల్లబడి, వృత్తం రంగులో కలిసిపోతే ఆ సీసాను పక్కన పడేయాల్సిందే. కానీ మందుకు అనువైన ఆ కాలమే మనకు కోతల కాలం. కోసిగిలో పిల్ల పేరు జాబితాలో ఉంటుంది, ఇంటికి తాళం ఉంటుంది. ఇక్కడ పిల్ల ఉంటుంది, జాబితాలో పేరుండదు. అందరికీ చుక్కలు పడిన ఇంటి గోడ మీద ‘పి’ అని, ఎవరైనా మిగిలిపోతే ‘ఎక్స్’ అని సుద్దముక్కతో రాస్తారు. టార్పాలిన్ మీద ఏం రాస్తారు?

ఉత్తరప్రదేశ్‌లో కొన్నిచోట్ల పుకార్లు నమ్మి తలుపులు వేసుకున్నారు. ఇక్కడ మూయడానికి తలుపే లేదు. ‘చుక్కలు వేయించావా అమ్మా?’ అంటే ‘ఊర్లో ఏసినారు మేడం’ అంటుంది. ఎప్పుడో ఆమెకూ గుర్తుండదు. పిల్ల ఎడమచేతి చిటికెన వేలి మీద సిరా మరక ఉంటేనే లెక్క. నోరు తెరిపించడానికి కారం అంటిన చేత్తో తల్లి పిల్ల బుగ్గలు నొక్కలేదు కనుక ఆ పని కూడా ఆశా కార్యకర్తదే. బస్టాండ్లలో, రైల్వేస్టేషన్లలో, ఇటుక బట్టీల దగ్గర వేరే బృందాలు పెట్టింది ఇలాంటి పిల్లల కోసమే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చివరి పోలియో కేసు 2008లో, దేశంలో చివరిది 2011 జనవరిలో పశ్చిమబెంగాల్‌లోని హౌరాలో నమోదయ్యాయి. 2014 మార్చి 27న దేశానికి పోలియోరహిత ధ్రువపత్రం అందింది. అయినా కథ ముగియలేదు. 2016లో హైదరాబాద్ అంబర్‌పేట మురుగునీటిలో టీకా నుంచే పుట్టిన రెండో రకం వైరస్ బయటపడింది. ఆ జూన్‌లో దాదాపు 3 లక్షల మంది పిల్లలకు సూదిమందు వేశారు. ఒకనాడు కాలు పోగొట్టిందన్న సూదే కాపలాకు వచ్చిందన్నమాట! అయితే ఇది కండలోకి కాదు, చర్మంలోకి వేసేది. మోతాదూ మామూలు దానిలో ఐదో వంతే.

ఇప్పుడా సూదిమందు మామూలు టీకాల్లో భాగం. ఆరో వారం, పద్నాలుగో వారం, 2023 నుంచి తొమ్మిదో నెలలోనూ వేస్తున్నారు. దసరా ముందు పుట్టిన బిడ్డకు ఆ వారాల్లో ఏదో ఒకటి సుగ్గిలోనే వస్తుంది. టీకా కార్డు కోసిగిలో ట్రంకుపెట్టె అడుగున ఉంటుంది, బిడ్డ సత్తెనపల్లి చేలో ఉంటుంది.