జేమ్స్ స్ట్రీట్ ఠాణా, జీడీ పుస్తకం

సికింద్రాబాద్ ఎంజీ రోడ్డును పాతవాళ్లు జేమ్స్ స్ట్రీట్ అనేవారు. ఆ రోడ్డు మీద గడియారపు గోపురంతో కనిపించే పోలీసు ఠాణా సుమారు 1900 నాటిది. కట్టించింది దివాన్ బహదూర్ సేఠ్ రాంగోపాల్ అనే సంపన్న వ్యాపారి. రాంగోపాల్‌పేటకు ఆయన పేరే వచ్చింది.

ఠాణా అంటే లాఠీలు, లాకప్పు గుర్తుకొస్తాయి. నిజానికి ఠాణాను నడిపించేది జనరల్ డైరీ. సిబ్బంది నోట అది జీడీ. సెంట్రీ ఎప్పుడు మారాడు, బీటుకు ఎవరు వెళ్లారు, ఎప్పుడు తిరిగొచ్చారు, ఫిర్యాదు ఎవరిచ్చారు, ఎవరిని పట్టుకొచ్చారు... అన్నీ వేళతో సహా అందులోకి ఎక్కాలి. రాత్రి గస్తీకి మరో లెక్క ఉండేది. కాలనీల్లో ఉంచిన పుస్తకంలో కానిస్టేబుల్ వేళ వేసి సంతకం చేయాల్సి ఉండేది. పైఅధికారి వెళ్లి చూసుకోవాల్సి ఉండేది. మనిషి వచ్చాడని సంతకం చెబుతుంది, వీధిని చూశాడో లేదో చెప్పదు. కిందివాళ్ల లెక్క తీయడం సంతకాలతోనే అయిపోతుందనుకున్న ప్రతిచోటా పని ఇలాగే డొల్లగా మిగిలింది.

జీడీ గొప్పతనం వేరేచోట ఉంది.

1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ ఇండియాలో వచ్చిన 1861 పోలీసు చట్టం 44వ సెక్షన్ డైరీ రాయించే బాధ్యతను నేరుగా స్టేషన్ అధికారి మీదే పెట్టింది. దాన్ని తెప్పించుకుని చూసే అధికారం జిల్లా మేజిస్ట్రేటుకు ఇచ్చింది. అంటే సిబ్బంది లెక్క అడిగేవాడు తన లెక్క కూడా బయటివాళ్ల ముందు పెట్టాలి. పరాయి పాలకులు తమ అదుపు కోసమే రాసుకున్న చట్టమది. అయినా ఈ ఒక్క ఏర్పాటు మాత్రం ఈనాటికీ విలువైనదే.

ఆ విలువ 2013 నవంబర్ 12న మరింత తేటపడింది. ఫిర్యాదు తీసుకోకుండా తిప్పి పంపే అలవాటుపై లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. కాగ్నిజబుల్ నేరమని, అంటే వారెంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయగల నేరమని తేలితే ఎఫ్ఐఆర్ కట్టాల్సిందే. అలాంటి నేరంపై అందిన సమాచారమంతా జీడీలో ఉండాల్సిందే. ప్రాథమిక విచారణ ఆలస్యమైతే కారణమూ అందులోనే రాయాలి.

స్టేషన్ అధికారి కూడా బయటివాళ్లకు లెక్క చెప్పాలన్న ఇదే పద్ధతి తర్వాత కెమెరాలకూ వచ్చింది. 2020 డిసెంబర్‌లో పరంవీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు తీర్పుతో ప్రతి ఠాణాకూ సీసీ కెమెరాలు తప్పనిసరయ్యాయి. వాటి బాగోగులు చూడాల్సింది ఆ స్టేషన్ అధికారే (ఎస్‌హెచ్‌ఓ). కెమెరా చెడితే వెంటనే జిల్లా పర్యవేక్షణ కమిటీకి తెలపాలి. అది పనిచేయని రోజుల్లో ఎవరిని అరెస్టు చేశారో, ఎవరిని ప్రశ్నించారో ఆ వివరాలూ పంపాలి.