కొండ ఇచ్చిన రుచి, చేయి నిలిపే రుచి

అరకు కాఫీ పేరు ఈనాడు పారిస్ దాకా వెళ్లింది. అయితే కాఫీ మన కొండల్లో పుట్టిన మొక్క కాదు. బ్రిటిష్ వారి కాలంలో, 1898లో, తూర్పు గోదావరి మన్యంలోని పాములేరు లోయలో మొదట నాటారని చెబుతారు. 1920ల నాటికి అరకు, చింతపల్లి వైపు వచ్చింది. తర్వాత అటవీ శాఖ తోటలు వేసింది. ఆపైన ఐటీడీఏ, కాఫీ బోర్డు తోడ్పాటుతో మన పెద్దలు సొంత భూముల్లో సిల్వర్ ఓక్ నీడన కాఫీ పెంచి, ఆ చెట్లకే మిరియాల తీగ పాకించారు.

మన తోటలు చాలావరకు సుమారు 900 నుంచి 1,100 మీటర్ల ఎత్తున ఉన్నాయి. చలికి, నీడకు అరబికా పండు నిదానంగా పండుతుంది. గింజ గట్టిపడి తీపి, సన్నని పులుపు పట్టుకుంటుంది. ఇది కొండ ఇచ్చిన రుచి.

మిగతాది మన చేతిలో ఉంది. పచ్చికాయ కలిస్తే కాఫీ వగరెక్కుతుంది. ఎర్రటి పండ్లే ఏరి, అదే రోజు తోలు తీసి, పులియబెట్టి, కడిగి ఆరబెడితే రుచి తేటగా ఉంటుంది. పండును పండుగానే ఎండబెడితే చిక్కదనం, పండు తీపి వస్తాయి. కానీ కుప్పగా వదిలేస్తే బూజు వాసన పడుతుంది.

పచ్చివీ పండువీ కలిపి దూసి, ఎండబెట్టి, సంతలో దళారీ చెప్పిన ధరకే ఇచ్చేసిన రోజులు మన పెద్దలకు తెలుసు. 2019లో 'అరకు వ్యాలీ అరబికా'కు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు పేరును కాపాడుతుంది. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రుచిని కాపాడవలసింది మాత్రం మనమే.