'శంకరాభరణం' పాటలు – శ్రోతల తీర్పు: పశ్చిమ ప్రకాశం శ్రవణ నేపథ్యంలో ఒక పరిశీలన

1980లో విడుదలైన 'శంకరాభరణం' చిత్రంలోని పాటలన్నింటినీ 'శాస్త్రీయ గీతాలు' అన్న ఒకే పేరుతో వ్యవహరించడం పరిపాటి. ఈ వ్యవహారం ఆ గీతసంపుటి అసలు స్వరూపాన్ని మరుగుపరుస్తుంది. అందులో 'పలుకే బంగారమాయెనా', 'ఏ తీరుగ నను' భద్రాచల రామదాసు కీర్తనలు. 'మానస సంచరరే' సదాశివ బ్రహ్మేంద్రుల సంస్కృత రచన. 'బ్రోచేవారెవరురా' మైసూరు వాసుదేవాచార్యుల తెలుగు కృతి. వీటి పక్కనే వేటూరి సుందరరామమూర్తి చిత్రం కోసం వ్రాసిన పాటలున్నాయి. భజన, కచేరి, సినిమా అనే మూడు భిన్న సంప్రదాయాలను సంగీత దర్శకుడు కె.వి.మహదేవన్ ఒక్కచోట కూర్చాడు. కథానాయకుడైన శంకరశాస్త్రి సంగీతంలో సంకరాన్ని సహించనివాడు. ఆయన కథను నడిపిన పాటలు మాత్రం సంకరం వల్లనే జనంలోకి వెళ్ళాయి. ఈ వైరుధ్యం గురించి జరిగిన చర్చ తక్కువ.

ఈ పాటలపై శ్రోతల అభిప్రాయాలు స్థూలంగా రెండు పాయలుగా సాగాయి. మరుగున పడుతున్న కర్ణాటక సంగీతానికి ఈ చిత్రం ప్రాణం పోసిందని ఒక వర్గం భావించింది. 27వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో మహదేవన్‌కు, గాయకులు ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం, వాణీజయరామ్‌లకు లభించిన గౌరవం ఈ అభిప్రాయానికి బలమిచ్చింది. నాలుగైదు నిమిషాలలో ముగిసే పాటలో రాగానికి విస్తరించే చోటు లేదనీ, మనోధర్మానికి తావివ్వని వాద్యబృందం నడుమ రాగచ్ఛాయ మాత్రమే మిగులుతుందనీ కచేరి శ్రోతల అభ్యంతరం. బాలసుబ్రహ్మణ్యం సంప్రదాయ పద్ధతిలో సంగీతశిక్షణ పొందినవాడు కాకపోవడాన్ని ఇరుపక్షాలూ ప్రస్తావించాయి. ఒకరికి అది అద్భుతం, మరొకరికి అదే ఆధారం. అయితే రెండు వాదాలకూ కొలమానం కచేరియే. కచేరి ఎరుగని శ్రోత ఈ పాటలను దేనితో పోల్చుకొని విన్నాడన్న ప్రశ్నను ఏ పక్షమూ వేయలేదు.

ఈ ప్రశ్నకు కంభం, గిద్దలూరు, మార్కాపురం ప్రాంతం తగిన క్షేత్రం. 1970లో కొత్త జిల్లా ఏర్పడేంతవరకు ఇది కర్నూలు జిల్లాలో భాగం. విజయవాడ, రాజమండ్రి వంటి గానసభల కేంద్రాలకు దూరంగా ఉన్న మెట్టసీమ. ఇటువంటి సీమలో సంగీతశ్రవణానికి ముఖ్యమైన ఆధారాలు మూడు: రామమందిరాల భజన, హార్మోనియం శ్రుతిపై నడిచే పద్యనాటకం, రేడియో. రామదాసు కీర్తన ఇక్కడి శ్రోతకు సినిమా నేర్పినది కాదు. భజన గోష్ఠిలో విన్నది, విజయవాడ ఆకాశవాణి 'భక్తిరంజని'లో మళ్ళీ విన్నది, వెండితెరపై మూడవసారి ఎదురైంది. పద్యనాటకం అతనికి మరొక అలవాటు చేసింది. పద్యం చివర నటుడు తీసే రాగాన్ని పద్యార్థానికి కొనసాగింపుగా వినడం, నచ్చితే 'వన్స్‌మోర్' అని మళ్ళీ పాడించుకోవడం. ఈ శ్రోతకు రాగం సాహిత్యాన్ని ఆశ్రయించి వచ్చేదే. కాబట్టి నాలుగు నిమిషాల పాటలో రాగం కుదించుకుపోయిందన్న అభ్యంతరం అతనికి అర్థమయ్యేది కాదు; పద్యంలో రాగం అంతకంటే తక్కువసేపే ఉంటుంది. మహదేవన్ సాధారణంగా సాహిత్యం చేతికి వచ్చిన తరువాతనే బాణీ కట్టేవాడన్న విషయం ఇక్కడ గమనార్హం.

అసలు చిక్కు రాగంలో కాక, సాహిత్యంలో ఉంది. 'సామజవరగమన', 'దొరకునా ఇటువంటి సేవ' అన్న రెండు వేటూరి పాటల ఎత్తుగడలు త్యాగరాజ కృతుల ఎత్తుగడలే. రాగాలు కూడా అవే: హిందోళం, బిలహరి. పల్లవి మొదటి మాటలను, రాగాన్ని నిలుపుకొని మిగిలినదంతా కొత్తగా వ్రాయడం సంగీత శాస్త్రజ్ఞుని దృష్టిలో కృతిభంగం. తెలుగు సాహిత్యంలో దీనికి మరొక పేరుంది: సమస్యాపూరణం. ఇచ్చిన పాదాన్ని స్వీకరించి, దాని అర్థాన్ని అనుకోని దిక్కుకు మళ్ళించడం అవధాన సభలలో మెప్పు పొందే విద్య. పోలిక పూర్తిగా సరిపోదు, నిజమే. సమస్య సాధారణంగా పద్యం చివర వస్తుంది, ఇక్కడ ఎత్తుగడలో వచ్చింది. అయినా శ్రోత పొందే ఆనందం ఒకే జాతిది. తెలిసిన మాట తెలియని చోటికి తీసుకువెళ్ళడమే దాని మూలం.

రెండు పూరణలకూ ఒకే విలువ కట్టలేము. ఏనుగు నడక కావ్యాలలో ప్రధానంగా నాయికావర్ణనకు చెందిన ఉపమానం. త్యాగరాజు దానిని కృష్ణసంబోధనగా మలిచి భక్తిలోకి తెచ్చాడు. వేటూరి ప్రణయసన్నివేశంలో వాడి దానిని తిరిగి శృంగారంలోకి పంపాడు. చమత్కారం ఉంది కాని, కృతి తెలిసిన చెవికి భక్తిస్ఫురణ అడ్డుపడుతూనే ఉంటుంది. ఇక్కడ కచేరి శ్రోత అభ్యంతరం న్యాయమైనదే. 'దొరకునా' విషయం వేరు. త్యాగరాజు పాటలోని భగవత్సేవ వేటూరి చేతిలో నాదసేవ అయింది. నాదోపాసనే త్యాగరాజు జీవితం కాబట్టి ఈ మలుపు మూలానికి విరోధం కాదు. వేదికపైనే ప్రాణం విడిచే శాస్త్రి చివరి పాటగా అది రావడం వల్ల అరువు తెచ్చుకున్న మాట కథ అవసరంగా మారింది.

ఈ కలయిక కర్తృత్వాన్ని కూడా తాకింది. రామదాసు కీర్తన తన కర్త ముద్రను తనలోనే మోసుకొస్తుంది. సినిమా పాటకు ముద్ర లేదు. రేడియోలో వచ్చినప్పుడు రచయిత పేరు, సంగీత దర్శకుని పేరు చెప్పి పాట వేస్తారు. గుడి దగ్గర, పెళ్ళిపందిట్లో మైకుసెట్టువాడు రికార్డు పెట్టి ఊరుకుంటాడు. అక్కడ ఒకదాని వెనుక ఒకటి వచ్చే 'పలుకే బంగారమాయెనా'కు, 'శంకరా నాదశరీరాపరా'కు నడుమ రెండు మూడు శతాబ్దాల దూరముందని సూచించే గుర్తేమీ వినిపించదు. పాట ఏ సాధనం ద్వారా చెవిన పడిందన్నదాన్ని బట్టి వేటూరి ఒకచోట పేరుగల కవి, మరొకచోట పేరులేని వాగ్గేయకారుడు.