మూడు నిమిషాల పద్యం

కళను గూర్చి చర్చించేటప్పుడు వస్తువేమిటి, రూపమేమిటి అని అడగడం మనకు అలవాటు. ఆ రూపాన్ని కొలిచి కత్తిరించే చెయ్యి ఎవరిదని అడగడం మాత్రం అరుదు. కృష్ణా డెల్టాలో గ్రామఫోను రికార్డు చరిత్ర యీ రెండో ప్రశ్ననే మన ముందు పెడుతుంది.

1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయింది. కాలువల కింద వరి పండింది, పట్టణాలలో వర్తకం పెరిగింది, చేతిలో డబ్బు ఆడే వర్గం ఒకటి తలెత్తింది. తెలుగు పద్యనాటకానికి పోషణ యీ నేల నుంచే వచ్చింది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు, బలిజేపల్లి లక్ష్మీకాంతం సత్యహరిశ్చంద్ర, కాళ్లకూరి నారాయణరావు చింతామణి తెల్లవార్లూ ఆడేవి. అక్కడ పద్యం నాలుగు పాదాలతో ముగిసేది కాదు. చివరి పాదం మీద నటుడు రాగం అందుకునేవాడు. హార్మోనియం వెంట నడిచేది. జనం 'వన్సుమోర్' అని కేకవేస్తే మళ్లీ మొదలయ్యేది. పద్యం నిడివిని తేల్చేవి రెండే: గాయకుడి గుండెబలం, ప్రేక్షకుడి చప్పట్లు.

గ్రామఫోను కంపెనీ మన దేశంలో మొదటిసారి పాటలు రికార్డు చేసింది 1902లో, కలకత్తాలో. కొన్నేళ్లకు మన రంగస్థల పద్యం కూడా ఆ పళ్లెం మీదికెక్కింది. పది అంగుళాల పళ్లెం. నిమిషానికి 78 చుట్లు. ఒక్కొక్క వైపు మూడు నిమిషాల పైచిలుకు. ఆనాడు పాటను మైనం పలక మీద నేరుగా చెక్కేవారు. తర్వాత దిద్దడానికి వీలులేదు. కనుక కోత యంత్రంలో జరగలేదు, పాడేవాడి గొంతులోనే జరిగింది. ఆలాపన కుదించాలి, హార్మోనియం జవాబు తగ్గించాలి, సంభాషణ వదిలెయ్యాలి.

యీ కోత వల్ల పోయింది రాగం ఒక్కటే కాదు. రాయబారం ఘట్టం ఒక వాదం. కృష్ణుడు అడుగుతాడు, దుర్యోధనుడు కాదంటాడు, కర్ణుడు అడ్డు తగులుతాడు. రికార్డు మీద ఒక్క కృష్ణుడి పద్యమే మిగిలితే వాదం పోయి తీర్పు మిగులుతుంది. ఘర్షణ నాటకానికి ప్రాణమైతే, ఆ ప్రాణం రికార్డు అంచు దగ్గరే ఆగిపోయింది. నాలుగైదు రికార్డులు కలిపి సెట్టుగా వేసిన నాటకాలలో కూడా ముక్కలే తప్ప రాత్రి లేదు.

అంతమాత్రాన యంత్రాన్ని తిట్టడం అభ్యుదయం కాదు. టిక్కెట్టు కొనలేనివాడు, నాటకానికి పోనివ్వని ఇంటి ఆడపడుచు, కపిలవాయి రామనాథశాస్త్రి గొంతు విన్నది యీ పళ్లెం మీదనే. గుడివాడ దాపున చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల కరుణశ్రీ 'పుష్పవిలాపం' పాడితే, పుస్తకం తెరవనివారికి కూడా ఆ పద్యాలు కంఠస్థమయ్యాయి. రికార్డు పద్యాన్ని కోసింది, కోసి పంచిపెట్టింది. రెండూ నిజమే.

మరోవైపు చూడండి. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథను చేపట్టింది. నాజర్ వంటి కళాకారుడు కథ చెబుతుంటే, రాజకీయం చెప్పే వంతగాడు యే వూళ్లో ఆ వూరి సంగతిని మధ్యలో కలిపేవాడు. యే రాత్రి కథ ఆ రాత్రిది. తిరగకూర్పు అంటే యిదే. అది వినేవాడి ఎదుటనే జరిగింది. సుంకర, వాసిరెడ్డి రాసిన 'మా భూమి' (1947)ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. కంపెనీ కొలబద్ద కళ నిడివిని కోస్తే, ప్రభుత్వ కత్తెర కళ గొంతునే కోయబోయింది.

ఇక ప్రపంచం వైపు చూద్దాం. 1970లలో జమైకాలోని కింగ్‌స్టన్‌లో కింగ్ టబ్బీ అనే రేడియో మరమ్మతుదారు, తయారైన పాటలోనుంచి గొంతును తీసేసి, డోలూ బేసూ నిలిపి, ప్రతిధ్వని కలిపి 'డబ్' అనే కొత్త రూపానికి ప్రాణం పోశాడు. న్యూయార్కులో టామ్ మౌల్టన్, వాల్టర్ గిబ్బన్స్ మూడు నాలుగు నిమిషాల డిస్కో పాటలను నాట్యశాల కోసం సాగదీశారు. 1976లో గిబ్బన్స్ తిరిగి కూర్చిన 'టెన్ పర్సెంట్' తొమ్మిది నిమిషాలు దాటింది. అంగడిలో అమ్మకానికొచ్చిన తొలి పన్నెండు అంగుళాల సింగిల్ అదేనంటారు. ఆడేవాళ్లు ఇంకా ఆడదలిచారు, కనుక పాట పెరిగింది. మన 'వన్సుమోర్'కు అది అక్కడి రూపం.

అదే పని మన మైకుసెట్టువాడు ఎందుకు చెయ్యలేదు? అతడికీ యంత్రం తెలుసు, జనం నాడి తెలుసు. పెళ్లిపందిట్లో యే పద్యం మళ్లీ వెయ్యాలో అతడికి ఎవరూ చెప్పనక్కరలేదు. కాని టబ్బీ దగ్గర టేపు యంత్రంతోపాటు రికార్డు చెక్కే యంత్రం కూడా వుంది. మనకు రికార్డు అచ్చయ్యేది చాలాభాగం కలకత్తా దగ్గర డమ్‌డమ్ కర్మాగారంలో. మైకుసెట్టువాడి చేతిలో ముల్లు వుంది, కత్తెర లేదు. లోపం ప్రతిభలో కాదు, ఉత్పత్తి సాధనంలో.

ఆ పళ్లేనికి కావలసిన లక్కను ఛోటానాగపూర్ అడవులలో ఆదివాసులు సేకరించారు. పద్యాన్ని డెల్టా నటులు రాత్రుల తరబడి మేల్కొని సానబెట్టారు. కొలబద్ద మాత్రం మూడోవాడిది.

యీనాడు పద్యం ఫోనులో అరనిమిషం ముక్కై తిరుగుతున్నది. కోసే సాధనం ఇప్పుడు ప్రతి విద్యార్థి చేతిలోనూ వుంది. కొలత మాత్రం ఇంకా కంపెనీలే పెడుతున్నాయి. కనుక మిత్రులారా, పాత రికార్డు దొరికితే భద్రపరచడంతో తృప్తిపడవద్దు. దుర్యోధనుడి జవాబు వెతికి తెచ్చి పక్కన చేర్చండి. వాదాన్ని తిరిగి నిలబెట్టండి.