పైరు ఎండింది.. విత్తనం మొలిచేనా?

సంగారెడ్డి: కోతకు వారం, పది రోజుల ముందు కలుపు మందు చల్లితే పైరంతా ఒకేసారి ఎండుతుంది. కోత యంత్రం సాఫీగా సాగుతుంది. గింజ కూడా చూపులకు నిక్షేపంగానే ఉంటుంది. అదే గింజను మరుసటి ఏడాది విత్తనంగా వేసినప్పుడే అసలు చిక్కు బయటపడుతుంది. జహీరాబాద్ ప్రాంతపు నల్లరేగడి భూముల్లో శనగతోపాటు అక్కడక్కడా గోధుమ వేసి, సొంత విత్తనం దాచుకొనే రైతులు ఈ సంగతిని తెలుసుకోవడం అవసరం.

ఈ పద్ధతి 1980వ దశకంలో స్కాట్లండ్‌లో మొదలైంది. అక్కడి తడి వాతావరణంలో గోధుమ, బార్లీ సమంగా ఆరవు. మన వద్ద రబీ కోతల నాటికి ఎండలు ముదురుతాయి కనుక ఆ పని సూర్యుడే ఉచితంగా చేసిపెడతాడు.

గింజలోకి చేరే మందు

గ్లైఫోసేట్ పడిన ఆకు మీదే ఆగదు. మొక్కలో ఆహారం ప్రవహించే నాళాల వెంట ఎదుగుతున్న భాగాలకు చేరుతుంది. గింజ నిండే దశలో ఆ ప్రవాహమంతా గింజ వైపే సాగుతుంది. గింజలో తేమ 30 శాతానికి మించి ఉన్నప్పుడు చల్లితే ముప్పు ఎక్కువ. అటువంటి విత్తనం మొలకెత్తినా వేరు పొట్టిగా, మొద్దుబారి ఉంటుంది. పారాక్వాట్ తాకినచోటే మాడుస్తుంది, అంతగా కదలదు. అయితే గింజ గట్టిపడకముందే చల్లితే నొక్కులు పడి బరువు తగ్గుతుంది. విదేశాల్లో గోటితో నొక్కిన ముద్ర గింజపై చెరగకుండా నిలిచాకే పిచికారీ చేస్తారు. కెనడాలో విత్తన పంటపై అలా గ్లైఫోసేట్ చల్లరాదని డబ్బాపైనే రాసి ఉంటుంది.

మన దేశంలో గ్లైఫోసేట్‌కు ఆమోదం తేయాకు తోటలకు, పంటలేని భూములకే పరిమితం. 2018 జులైలో తెలంగాణ ప్రభుత్వం దాని అమ్మకాలపై ఆంక్షలు పెట్టింది. తెగుళ్ల నియంత్రణ నిర్వాహకుల ద్వారా తప్ప ఎవరూ వాడరాదని 2022 అక్టోబరులో కేంద్రం ఉత్తర్వులిచ్చింది. గోధుమ చేలో రైతు దానిని చల్లడం చట్టసమ్మతం కాదు.

ఇంట్లోనే పరీక్ష

పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ తన జన్యునిధిలో మైనస్ 20 డిగ్రీల వద్ద భద్రపరచిన విత్తనాలకు సైతం నిర్ణీత కాలానికోసారి మొలక పరీక్ష జరుపుతుంది. రైతుకు అంత ఏర్పాటు అక్కరలేదు. వేర్వేరు సంచుల నుంచి 100 గింజలు తీసి, తడి గోనెపట్టాపై పరచి, చుట్టి నీడన ఉంచాలి. తడి ఆరకుండా చూస్తూ ఎనిమిదో రోజున లెక్కించాలి. ధ్రువీకృత గోధుమ, శనగ విత్తనాలకు ఉండాల్సిన కనీస మొలక శాతం 85. మొలిచినవన్నీ ఈ లెక్కలోకి రావు. వేరు మొండిగా ఉన్నవాటిని వేరుచేశాకే లెక్కపెట్టాలి.