కోట రాళ్లలోని చేప: లెపిడోటిస్ కథ

హైదరాబాద్ బిర్లా మ్యూజియంలో నిలబెట్టిన కోటసారస్ అస్థిపంజరాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ పేరులో ఉన్న 'కోట' ఒక ఊరు. సిరొంచ దగ్గర, ప్రాణహిత ఒడ్డున ఉంది. నదికి ఇవతల తెలంగాణ, అవతల మహారాష్ట్ర. అక్కడి రాళ్లకు డైనోసార్ల వల్ల పేరొచ్చింది అనుకుంటాం గానీ, అంతకు వందేళ్ల ముందే ఒక చేప వల్ల లండన్ దాకా తెలిశాయి. నాకైతే డైనోసార్ కంటే ఆ చేపే ఇష్టం.

1851లో కర్నల్ సైక్స్ లండన్ జియలాజికల్ సొసైటీ పత్రికలో దక్కన్ నుంచి వచ్చిన ఒక శిలాజ చేప గురించి రాశాడు. దాన్ని పరిశీలించి వివరించింది సర్ ఫిలిప్ ఈగర్టన్. దానికి లెపిడోటిస్ ప్రజాతి కింద 'దక్కనెన్సిస్' అని పేరు పెట్టారు.

ఆ ప్రజాతిని ఏర్పరచింది లూయీ అగాసీ, 1830లలో. గ్రీకులో ఆ మాటకు 'పొలుసులు గలది' అని అర్థం. ఏ చేపకు లేవండీ పొలుసులు, అంటారా? ఇవి మన బొచ్చె, రవ్వ చేపల పొలుసుల్లా కత్తితో గీకితే లేచొచ్చేవి కావు. డైమండ్ ఆకారం, బాగా మందం, పైన ఎనామిల్ లాంటి గానోయిన్ అనే మెరుపు పూత. ఒక పొలుసు అంచున చిన్న ములుకు ఉంటుంది, అది పక్క పొలుసు గుంటలో దిగి కూర్చుంటుంది. తలుపు చట్రంలో కర్రకు కర్ర బిగించినట్టు అన్నమాట. అందుకే మాంసం పోయినా కవచం చాలాసార్లు అలాగే మిగిలింది.

ఇక పళ్లు. గుండీల్లా గుండ్రంగా ఉంటాయి, గుల్లల్ని నమిలి పగలగొట్టడానికి. కొత్త పన్ను దవడలో తలకిందులుగా తయారై, 180 డిగ్రీలు తిరిగి పైకొచ్చేది! మధ్యయుగపు ఐరోపాలో ఈ పళ్లను కప్ప తలలో పుట్టిన మణులనుకుని, విషానికి విరుగుడని ఉంగరాల్లో పొదిగించుకున్నారు. మనకు నాగమణి, వాళ్లకు కప్పమణి.

అసలు చిక్కు వర్గీకరణలో వచ్చింది. అగాసీ చేపలన్నింటినీ పొలుసుల్ని బట్టే నాలుగు వర్గాలు చేశాడు. దాంతో మందపు పొలుసు, గుండీ పన్ను కనిపిస్తే చాలు, లెపిడోటిస్ అనేశారు. ట్రయాసిక్ నుంచి క్రెటేషియస్ దాకా ఒకటే గంప. మరి కోట సున్నపురాయి తొలి జురాసిక్ నాటిదని చెప్పడానికి ఆధారం ఈ చేపలే కదా! పేరే గంప అయితే, ఆ పేరును చూసి కట్టిన వయసు మాటేమిటి?

కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన సోహన్ లాల్ జైన్ 1983లో కోట చేపల్ని ప్రత్యేకంగా తీసుకుని ప్రజాతి మొత్తాన్ని సమీక్షించారు. 2012లో ఆడ్రియానా లోపెజ్-అర్బరెయో ఈ గంపను విప్పేసి, లెపిడోటిస్ పేరును తొలి జురాసిక్ చేపలకే పరిమితం చేసింది. తర్వాతి కాలపు చేపలు చాలావరకు షీన్‌స్టియా లాంటి వేరే ప్రజాతులకు వెళ్లిపోయాయి. ఈరోజు బతికున్నవాటిలో వీటికి దగ్గరి చుట్టం ఉత్తర అమెరికా నదుల్లో తిరిగే గార్ చేప.

కోట వయసు తగాదా మాత్రం తెగలేదు. సూక్ష్మ శిలాజాలు చూసినవాళ్లలో కొందరు ఇంకా తర్వాతి కాలం అంటారు. వచ్చే భాగంలో ఆ రాళ్లలోనే దొరికిన బరపాసారస్ సంగతి చూద్దాం.